తిరిగి వచ్చిన చెల్లెలిని సాన్సా చూసిన తీరు

సభకు నమస్కారం. 2017లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ ధారావాహిక ఏడో సీజన్ వస్తున్నప్పుడు, ఈ బెంగళూరులో మనలో చాలామందిమి సోమవారం ఉదయం ఆరున్నరకే హాట్‌స్టార్ తెరిచి, ఎపిసోడ్ పూర్తిచేశాకే ఆఫీసులకు బయలుదేరేవాళ్లం. ఆ కథను అంతగా ప్రేమించినందువల్లనే, తన పుట్టినింటి కోట వింటర్‌ఫెల్ పాలకురాలిగా సాన్సా తన చెల్లెలు ఆర్యా పట్ల నడుచుకున్న తీరును నేను ఇప్పటికీ అంగీకరించలేకపోతున్నాను.

సాన్సా అసమర్థురాలు కాదు. అన్నగా కలిసి పెరిగిన ఉత్తరదేశపు రాజు జాన్ స్నో ఆ దేశాన్ని అప్పగించి వెళ్లగానే, చలికాలానికి ధాన్యం ఎంత నిలవ ఉందో ఆరా తీసింది. కవచాలకు తోలు తొడగలేదేమని పనివారిని ప్రశ్నించింది. ఇన్ని అడిగిన మనిషి, ఏళ్ల తరువాత ఇల్లు చేరిన చెల్లెలిని కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు, ఎవరి చేతుల్లో పడ్డావు అని మాత్రం అడగలేదు. నేలమాళిగలో తండ్రి విగ్రహం ముందు ఇద్దరూ కావలించుకున్న దృశ్యం హృద్యమైనదే. కానీ తమ కథలు పెద్దవని, చెప్పుకోదగ్గంత బాగుండవని అనుకొని అక్కడితో ఊరుకున్నారు. ఆ కథను సాన్సా గట్టిగా అడిగింది ఆర్యా గదిని రహస్యంగా వెదికి, ఆమె వేషం మార్చడానికి తొడుక్కునే పరాయి మనుషుల ముఖాలను సంచిలో చూసి భయపడిన తరువాతే.

వాల్మీకి యుద్ధకాండలో రాముడు అయోధ్య చేరకముందే హనుమంతుణ్ణి పంపి, తన రాక విన్నప్పుడు భరతుడి ముఖం ఎలా మారుతుందో గమనించమంటాడు. తిరిగి వచ్చేవారికి ఆ శంక సహజం. దాన్ని తీర్చవలసినది ఏలుతున్నవారు. భరతుడు పాదుకలను శిరసున ఉంచుకొని ఎదురేగి, కోశాన్నీ ధాన్యాగారాన్నీ నగరాన్నీ సేననూ చూసుకొమ్మని అన్నకు అప్పగించాడు. ఆర్యాకూ అదే శంక కలిగింది. ఉత్తరదేశపు ప్రభువులు జాన్‌ను తప్పుపడుతుంటే అక్క వారి నోరు మూయించలేదని, తల్లిదండ్రుల గదిని తనదిగా చేసుకుందని నిలదీసింది. ప్రభువులను దూరం చేసుకోకూడదన్న సాన్సా జవాబు రాజనీతిగా సరైనదే కావచ్చు. అయితే ఆ మాట చెప్పిన నోటితోనే, రేపటి నుంచి సభలో నా పక్కన కూర్చో అని ఆమె అనవలసింది. అలా అనకపోగా, చెల్లెలి గురించిన భయాన్ని, అక్కచెల్లెళ్ల మధ్య చిచ్చుపెడుతున్న కుట్రదారు లిటిల్‌ఫింగర్ ముందే వెళ్లబోసుకుంది. అక్కచెల్లెళ్లిద్దరినీ కాపాడతానని మాట ఇచ్చిన వీరవనిత బ్రియెన్‌ను ఆ సమయంలోనే దూరాన ఉన్న రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌కు పంపించివేసింది.

ఇదంతా లిటిల్‌ఫింగర్‌ను పట్టుకోవడానికి ఇద్దరూ ఆడిన నాటకమేనని కొందరు మిత్రులు వాదిస్తారు. అలాగైతే, మూడో మనిషి లేని గదిలో ఆ ముఖాల సంచి పక్కన వారు ఎవరి కోసం నటించారు? పైగా, సాన్సా సాయం కోరుతూ తమ్ముడు బ్రాన్ గది తలుపు తట్టే సన్నివేశాన్ని చిత్రీకరించి తరువాత తొలగించారని, ఆ పాత్రధారి ఐజాక్ హెంప్‌స్టెడ్ రైట్ స్వయంగా చెప్పాడు. అంటే అనుమానం నిజమైనదే, చాలా దూరం వచ్చినదే.

చివరకు సభలో లిటిల్‌ఫింగర్‌కు మరణశిక్ష తీర్పు చెప్పింది సాన్సా, కత్తి ఆడించింది ఆర్యా. ఆ తరువాత కోటగోడ మీద, శిక్ష విధించినదానివి నువ్వు, నేను అమలుచేశానంతే అని ఆర్యా నిండు మనసుతో అంటుంది. అక్క చేతిమీదుగా ఆ సీజన్‌లో ఆమెకు దక్కిన పని అదొక్కటే.