బరంపురం నుంచి అమ్మానాన్నలు పారిస్ వస్తే నోత్రదామ్ ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారమండి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి పెద్దవాళ్ళు పారిస్ ప్రయాణం కట్టారంటే ఇక్కడ ఫ్రాన్స్‌లో ఉన్న మనకి ఫోన్లో వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. నోత్రదామ్ టికెట్లు ఇప్పుడే కొనేయమంటారా? వద్దండి. అసలు కొనడానికి అక్కడ టికెట్టే లేదు.

2019 ఏప్రిల్ 15న మంటల్లో పైకప్పు, శిఖరం కూలిపోయాక ఐదేళ్ళకు పైగా మూతబడిన ఈ కెథడ్రల్, అంటే పెద్ద చర్చి, 2024 డిసెంబరు 8 నుంచి మళ్ళీ జనానికి తెరుచుకుంది. లోపలికి ప్రవేశం ఉచితం. క్యూలో నిలబడే సమయం తగ్గాలంటే కెథడ్రల్ సొంత వెబ్‌సైట్‌లో టైమ్ స్లాట్ బుక్ చేసుకోవచ్చు. అదీ ఉచితమే, తప్పనిసరేమీ కాదు. తిరకాసల్లా ఎక్కడంటే, స్లాట్లు వెళ్ళే రోజుకి రెండు రోజుల ముందు నుంచి మాత్రమే దొరుకుతాయి. వీసా పని ఆరు నెలల ముందే మొదలెట్టొచ్చు, విమానం టికెట్లు మూడు నెలల ముందు తీసుకోవచ్చు. నోత్రదామ్ మాత్రం ఇంచుమించు పారిస్‌లో దిగాక చేసుకునే పని. మనవాళ్ళు ఈ వరసని తిరగేస్తారు. ఇంట్లో కూర్చుని నెట్‌లో వెతికి, పైన కనిపించిన సైట్‌లో మనిషికింతని కట్టేస్తారు. ఆ సైట్లు అమ్మేది గైడ్‌తో తిప్పే టూరో, ఆడియో యాపో. గైడ్ కావాలనుకుని కొంటే బాగానే ఉంటుంది. తలుపు దాటడానికని కొంటే మాత్రం ఆ డబ్బు గంగపాలే.

కాబట్టి ముందుగా తేల్చుకోవాల్సినవి కాగితాలు. మీ ఇంట్లోనే దిగుతున్నారనుకోండి, మీ ఊరి మెరీ, అంటే ఇక్కడి మునిసిపల్ ఆఫీసు, ఇచ్చే ఆతిథ్య పత్రం కావాలి. దరఖాస్తుకి 30 యూరోల స్టాంపు పెట్టాలి, పత్రం ఇవ్వకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మెరీలో అపాయింట్‌మెంట్ దొరకడానికే ఒక్కోచోట వారాలు పడుతుంది. పైగా వీసా సెంటర్‌లో ఇవ్వాల్సింది అసలు పత్రం, స్కాన్ కాదు. అది కొరియర్లో గంజాం జిల్లా దాకా చేరాలి కదా, ఆ రోజులు కూడా లెక్కేసుకోండి. వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సెంటర్ సర్వీసు చార్జీ వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ, అంటే ఇదే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలన్నిటికీ, వర్తించేలా ఉండాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఒడిశా వైపు తెలుగువాళ్ళకి దీని మీద ఇంకో చిక్కుంది: పేరు. స్కూలు సర్టిఫికెట్లో బెంకట రావు, ఆధార్‌లో వెంకటరావు, బ్యాంకులో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. ఫైలు చూసేవాడికి వీళ్ళు ఇద్దరు మనుషులు. విమానం టికెట్, ఇన్సూరెన్స్, మెరీ పత్రం అన్నిట్లో పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లుపోకుండా వేయించండి. బ్యాంకు పేరు తేడాగా ఉంటే మూడు నెలల స్టేట్‌మెంట్ తీయకముందే దిద్దించండి, తీశాక దిద్దిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఒడియాలో ఉన్న పట్టాలు, పెళ్ళి సర్టిఫికెట్లు పెట్టేట్టయితే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. వేలిముద్రలకి మనిషే వెళ్ళాలి కాబట్టి, హైదరాబాద్ వీసా సెంటర్ ఎంచుకుంటే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఆగుతుంది. అపాయింట్‌మెంట్‌కి ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి.

సామాన్ల దగ్గర ఒక్క మాట. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదు. ఛెనాపోడా, రసగుల్లా, నెయ్యి ఇంటి దగ్గరే ఉంచమనండి. మన బరంపురం అప్పడాలకి, ఊరగాయకి ఆ గొడవ లేదు. ఊరగాయ మాత్రం చెక్-ఇన్ పెట్టెలో, రెండు మూడు కవర్లలో చుట్టి పెట్టాలి.

దిగిన రోజున నోత్రదామ్ పెట్టుకోవద్దు. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి వచ్చేవాళ్ళకి ఇమిగ్రేషన్ దగ్గర ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మన టైముకీ పారిస్‌కీ ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. సాయంత్రం ఏడింటికే పెద్దవాళ్ళ కళ్ళు మూతలు పడతాయి, తెల్లారి నాలుగింటికి లేచి కూర్చుంటారు. అదే మనకి కలిసొచ్చేది. మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే స్లాట్ తీసుకోండి. మామూలు రోజుల్లో ఎనిమిదికి కాస్త ముందే తలుపులు తీస్తారు, శని ఆదివారాలు ఎనిమిదింపావుకి. గురువారం రాత్రి పది దాకా ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్ళాలనుకుంటే అదే మంచి రోజు. పండగ రోజుల్లో వేళలు మారతాయి, ముందురోజు రాత్రి సైట్ చూసుకోండి. స్లాట్లు నిండిపోయాయని వస్తే బెంగపడక్కర్లేదు. కాసేపాగి మళ్ళీ చూడండి, లేదంటే స్లాట్ లేనివాళ్ళ వరసలో నిలబడండి. వరస పొడుగ్గా కనిపించినా కదులుతూనే ఉంటుంది. కాకపోతే ముందున్న మైదానంలో నీడనేది లేదు, జూలైలో మధ్యాహ్నం మాత్రం వద్దు.

మెట్రో నాలుగో లైన్లో సిటే స్టేషన్ దిగితే కెథడ్రల్ పక్కనే. కానీ ఆ స్టేషన్ బాగా లోతు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టు ఉండదు, లైన్ మొత్తం మెట్లు ఎక్కకుండా తిరగగలిగేది పద్నాలుగో నంబరే. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యనో పెద్దనాన్ననో తీసుకెళ్తుంటే బస్సే సుఖం. విమానాశ్రయం వైపు నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు సెయింట్ మిషెల్ నోత్రదామ్‌లో ఆగుతుంది, అక్కడి నుంచి వంతెన దాటితే చాలు. ఆ రైల్లో, వంతెన మీద జేబుదొంగలుంటారు. కాగితం చూపించి సంతకం పెట్టమని చుట్టుముట్టే అమ్మాయిల దగ్గర ఆగొద్దని ముందే చెప్పండి. మన పెద్దవాళ్ళకి ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకుండా పోవడం రాదు, అక్కడే దొరికిపోతారు.

సూట్‌కేసులు, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. భద్రపరిచే గది కూడా లేదు. హోటల్ ఖాళీ చేసి రైలెక్కే రోజున ‘దారిలో చూసేద్దాం’ అనుకునేవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. సెక్యూరిటీ తనిఖీలో కత్తులు, కత్తెరల వంటివి ఆపేస్తారు. పాన్ డబ్బా అలవాటున్న పెద్దాయన ఉంటే అడకత్తెర ఇంట్లోనే వదిలేయాలి. టాయిలెట్ పని వెళ్ళేముందే చూసుకోండి.

చెప్పులు విప్పక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే కొందరు గుమ్మం దగ్గర విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడతారు. మగవాళ్ళు టోపీ తీయాలి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు, పూజ జరిగేటప్పుడు వద్దు. మామూలు రోజుల్లో పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఆరింటికి ఆ పూజ, అంటే మాస్, ఉంటుంది. అప్పుడు నడిమధ్య కుర్చీలు ప్రార్థనకి వచ్చినవాళ్ళవి, చూసేవాళ్ళు పక్క దారుల్లో తిరగాలి. గంజాం, గజపతి జిల్లాల నుంచి వచ్చే క్రైస్తవ కుటుంబాలైతే స్లాట్ గొడవ లేకుండా నేరుగా మాస్‌కే వెళ్ళొచ్చు. మిగతావాళ్ళు కూర్చుని వినొచ్చు కానీ సత్ప్రసాదం వరసలోకి లేవొద్దు. పూరీ మహాప్రసాదంలా అందరికీ పంచేది కాదు, బాప్తిస్మం పొందిన కాథలిక్కులకే ఇస్తారు.

లోపల గంట చాలు. మధ్య ద్వారంలోంచి ప్రవేశిస్తారు, ఎడమ వైపు నుంచి చుట్టి కుడి వైపుకి వస్తారు. చాలామంది ఫోన్ పైకెత్తి గబగబా తిరిగేస్తారు. నిలబడి చూడాల్సింది అడ్డంగా ఉన్న నడవా మధ్యలో. ఎడమన ఉత్తరపు గులాబి కిటికీ (గులాబి పువ్వులా గుండ్రంగా ఉండే రంగుగాజు కిటికీ), కుడిన దక్షిణపుది, రెండూ పదమూడో శతాబ్దానివే. ఉత్తరపు కిటికీలో ఆనాటి గాజు ఎక్కువగా మిగిలింది. దక్షిణపుది ఎండ పట్టి వెలుగుతుంది, కాబట్టి మబ్బు లేని రోజు దొరికితే వదలొద్దు. తలెత్తితే సుమారు 33 మీటర్ల ఎత్తున రాతి కప్పు. అంత ఎత్తు కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది కదా, ఆ తోపుడుని ఆపడానికే బయట రాతి కమానులు ఊతంగా నిలబడ్డాయి. అందుకే గోడంతా రాయితో నింపకుండా ఇంతింత కిటికీలు తీయగలిగారు. లోపల గాజు చూసినవాళ్ళకి, బయటికెళ్ళి ఆ కమానులు చూపిస్తే కట్టడం అర్థమవుతుంది.

పెద్దవాళ్ళకి కాలం లెక్క చెప్పాలంటే కోణార్క దగ్గర మొదలెట్టండి. ఇక్కడ పని మొదలైంది 1163లో. ముందు వైపు రెండు బురుజులు పూర్తయ్యేది 1250 ప్రాంతంలో, సరిగ్గా మన లాంగూల నరసింహదేవుడు కోణార్క కట్టిస్తున్న రోజుల్లో. ఇంత చెప్తే చాలు, వాళ్ళే రెండిటినీ పోల్చుకుంటూ నడుస్తారు. శిఖరం మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో వియొలె ల్యు దుక్ అనే ఆర్కిటెక్టు కట్టించినదానికి నకలు. 96 మీటర్ల ఎత్తు, కొత్త ఓక్ దూలాలతో అదే కొలతల్లో మళ్ళీ నిలబెట్టారు. లోపల రాయి అంత తెల్లగా ఉండటానికి కారణం సున్నం కాదు, మసీ దుమ్మూ తీసేసి శుభ్రం చేయడం. నల్లగా ఉన్నదే బాగుండేదని పాత నోత్రదామ్ చూసినవాళ్ళు కొందరంటారు. ఆ మాటతో మేం ఏకీభవించం.

బురుజులెక్కడం పూర్తిగా వేరే లెక్క. 2025 సెప్టెంబరు 20న మళ్ళీ తెరిచారు. ఇది డబ్బు కట్టి చూసేది, 16 యూరోలు, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచితం. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేయాలి, సైట్ కూడా కెథడ్రల్‌ది కాదు, ప్రభుత్వ కట్టడాల సంస్థది. మెట్లు 424, లిఫ్టు లేదు, ఎక్కువ భాగం ఇరుకైన మెలిక మెట్లు. ఫోటోల కోసం బరంపురం పట్టు కట్టుకుని ఎక్కుదామనుకుంటే వద్దు. కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి, ఒక చెయ్యి గోడకి ఆనించాలి, ఇంకో చెయ్యి చీరకి సరిపోతుంది. పట్టుచీర ఫోటో కింద మైదానంలో తీసుకోండి. గుండెజబ్బు, ఆయాసం, మోకాలి ఆపరేషన్ ఉన్నవాళ్ళని అసలు ఎక్కించొద్దు. పైకెళ్ళగలిగినవాళ్ళకి అక్కడి వింతజంతువుల బొమ్మలు దగ్గర్నుంచి కనిపిస్తాయి. వీటిలో నోట్లోంచి వాన నీళ్ళు గోడకి దూరంగా చిమ్మేవి పనికోసం చేసిన తూములు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఊరిని చూస్తూ కూర్చున్నవి పందొమ్మిదో శతాబ్దపు అలంకారం. మెట్లెక్కనివాళ్ళని ఆ 45 నిమిషాలు నది అవతల రెనె వివియాని తోటలో కూర్చోబెట్టండి. బల్లలుంటాయి, కెథడ్రల్ అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది, 1601లో నాటిన చెట్టొకటి ఇంకా నిలబడి ఉంది.

ఆకలేస్తే సిటేలో నాలుగో లైనెక్కితే మారకుండా గార్ దు నోర్. ఆ పక్కనే లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్ళలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. కెథడ్రల్ చుట్టుపక్కల శాకాహారం కోసం వెతుక్కోవడం కన్నా ఇది నయం.

ఓపికుంటే నడకదూరంలో క్లూనీ మ్యూజియం ఉంది. కెథడ్రల్ ముందు భాగంలో వరసగా నిలబడ్డ 28 రాజుల విగ్రహాలున్నాయి చూడండి, అవి బైబిల్లోని యూదా రాజులు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, ఫ్రాన్స్ రాజులనుకుని తలలు నరికేశారు. ఇప్పుడు పైన ఉన్నవి తర్వాత చెక్కినవి. పాత తలల్లో 21 నగరంలోనే ఒక తవ్వకంలో 1977లో బయటపడ్డాయి, అవి క్లూనీలో ఉన్నాయి. మ్యూజియం సోమవారం మూత, కాబట్టి రెండూ ఒకే రోజు చూడాలంటే నోత్రదామ్ స్లాట్ మంగళవారానికో ఆ తర్వాతికో తీసుకోండి.