పది బొమ్మలున్నాయని చెప్పిన కోడలు

నమస్తే అండి. స్క్రీన్ మీద ఉన్న బొమ్మని కాసేపు చూడండి. ఊరంతా మంచు. మధ్యలో మంట, దాని మీద పెద్ద కాగు, చుట్టూ జనం. మేపుల్ చెట్ల నుంచి తీసిన రసాన్ని కాచి పాకం పడుతున్నారు. ఆ వేడి పాకాన్ని మంచు మీద పోస్తే తీగలా సాగే మిఠాయి అవుతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట పెనం చుట్టూ పిల్లలు ఎలా మూగుతారో, అక్కడా అంతే.

ఇది వేసింది అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. లోకానికి గ్రాండ్‌మా మోజెస్, మనకైతే మోజెస్ మామ్మ. 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టింది. పన్నెండేళ్లకే వేరేవాళ్ల ఇళ్లలో పనికి కుదిరింది. పెళ్లయ్యాక పదిమంది పిల్లలు పుడితే అయిదుగురే దక్కారు. వెన్న చిలికి అమ్మింది, ఆలూ చిప్స్ వేయించి అమ్మింది. బొమ్మలు మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పెద్దయ్యాక ఊలు దారంతో బట్ట మీద బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పులతో సూది పట్టడం కష్టమైతే, రంగులు వేయడం తేలిక కదా అని చెల్లెలు సలహా ఇచ్చింది. అలా డెబ్బై దాటాక కుంచె పట్టింది. ఒకసారి అక్కడి సంతలో తన బొమ్మలూ, తను చేసిన జామూ పోటీకి పెట్టింది. ప్రైజ్ జామ్‌కి వచ్చింది!

1938లో లూయిస్ కాల్డర్ అనే ఇంజనీరు న్యూయార్క్ రాష్ట్రంలోనే హూసిక్ ఫాల్స్ అనే ఊళ్లో ఒక మందుల షాపు అద్దాల వెనక ఆమె బొమ్మలు చూశాడు. ఒక్కోటి మూడు నుంచి అయిదు డాలర్లు. ఉన్నవన్నీ కొనేసి నేరుగా ఆమె ఇంటికెళ్లాడు. మామ్మ ఇంట్లో లేదు. "పది దాకా ఉన్నాయి, రేపు రండి" అని కోడలు చెప్పి పంపింది. తీరా వెతికితే తొమ్మిదే! మామ్మ ఏం చేసిందో తెలుసా? పెద్ద బొమ్మనొకదాన్ని రెండు ముక్కలు కోసి, రెండిటికీ ఫ్రేములు కట్టేసింది. తెల్లారేసరికి పది.

ఈమె గురించి చెప్పేవాళ్లు వయసు దగ్గరే ఆగిపోతారు. నాకు నచ్చేది బొమ్మని రెండు ముక్కలు చేసిన ఈ పని. మాట ఇచ్చాక సరుకు లెక్క సరిపోవాలి, అంతే. వేసే పద్ధతి కూడా ఇంటిపనిలాగే ఉండేది. గట్టి అట్టకి మూడు పూతలు తెల్లరంగు. ముందు ఆకాశం, తర్వాత కొండలు, చెట్లు, ఇళ్లు, పశువులు, చివరికి మనుషులు. ఇల్లు పైనుంచి కిందికి దులిపినట్టు!

1939లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె బొమ్మలు మూడు ప్రదర్శనకి పెట్టింది. తర్వాత పేరు, డబ్బు, 1953లో టైమ్ పత్రిక ముఖచిత్రం, అన్నీ వచ్చాయి. నూరేళ్లు దాటాక కూడా వేసింది. 1961లో, 101 ఏళ్ల వయసులో పోయింది.

ఇప్పుడు బొమ్మ మళ్లీ చూడండి. ట్రాక్టరు లేదు, టెలిఫోన్ స్తంభం లేదు. ఊళ్లోకి అవి వచ్చాయి, ఈమె మాత్రం బొమ్మలోకి రానివ్వలేదు. చిన్నప్పుడు చూసిన ఊరినే వేసింది. ఇంకో సంగతి, మంచు ఎండకి తళుక్కుమనాలని రంగు మీద మెరుపుల పొడి చల్లేది. స్కూల్లో నేర్చుకుని ఉంటే మాస్టారు ఒప్పుకునేవారా? వీడియోలో ఆ మెరుపు సరిగ్గా తెలియదు. బ్రైట్‌నెస్ కొంచెం పెంచి చూడండి.