అర ఖాళీ అయితే సరుకు లేనట్టేనా? సంక్షోభంలో మార్కెట్ నడిచే తీరు

[తెరపై: దుకాణంలో ఒక అర. పక్కన అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

ముందు ఒక లెక్క వేద్దాం. ఒక దుకాణంలో వెయ్యి ఇళ్లవాళ్లు సబ్బు కొంటారు. ఒక ప్యాకెట్ ఒక ఇంటికి పది రోజులు వస్తుంది. అంటే దుకాణంలో రోజుకు 100 ప్యాకెట్లు పోతాయి. యజమాని వారానికి సరిపడా 700 ప్యాకెట్లు దగ్గర పెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో ఆ నిల్వ దండిగా ఉన్నట్టే.

ఒక చెడు వార్త వచ్చింది. యుద్ధమో, అంటువ్యాధో. 300 ఇళ్లవాళ్లు అదే రోజు వచ్చి ఒకటికి బదులు మూడేసి ప్యాకెట్లు అడిగారు. కావలసినవి 900, ఉన్నవి 700. సాయంత్రానికల్లా అర ఖాళీ. ఆ ఖాళీ అర ఫొటో రాత్రంతా ఫోన్లలో తిరుగుతుంది. మర్నాడు దుకాణం తెరవకముందే మిగతా ఇళ్లవాళ్లు వచ్చి నిలబడతారు.

[తెరపై: "వాడకం: రోజుకు 100. అమ్మకం: ఒక్క రోజులో 700."]

ఇక్కడ సబ్బు వాడకం పిసరంత కూడా పెరగలేదు. ఫ్యాక్టరీ ఆగలేదు. దుకాణంలో ఉండాల్సిన సరుకు ఇళ్లలోకి చేరింది, అంతే. మూడు ప్యాకెట్లంటే ఒక ఇంటికి నెల సరుకు, దాన్ని అత్యాశ అనలేం. అందుకే ఇలాంటప్పుడు జనాన్ని స్వార్థపరులని తిట్టిపోయడం మాకు నచ్చదు. పక్కవాళ్లు ఎగబడతారని అనిపించినప్పుడు ముందే తెచ్చుకోవడం ఏ ఇంటికి ఆ ఇల్లు చూసుకుంటే సబబే. అందరూ ఒకే రోజు చేయడంతోనే చిక్కు వస్తుంది.

[తెరపై: 1973, ఒసాకా. తర్వాత 2020.]

1973లో చమురు సంక్షోభం మొదలైన కొద్ది వారాలకే జపాన్‌లో, ఒసాకా దగ్గరి సెన్రి న్యూటౌన్‌లో, జనం టాయిలెట్ పేపర్ కోసం బారులు తీరారు. కాగితం దొరకదన్న వదంతి దేశమంతా పాకింది. 2020లో అదే సరుకు ఎన్నో దేశాల్లో అరల మీంచి మాయమైంది. రెండుసార్లూ అదే ఎందుకు? అది చోటు ఎక్కువ తింటుంది, లాభం తక్కువ. కాబట్టి దుకాణదారూ గోదాము యజమానీ ఎక్కువ నిల్వ ఉంచరు. ఏడాది పొడవునా గిరాకీ ఒకే తీరున ఉంటుంది కాబట్టి మిల్లులు ముందునుంచీ రాత్రీ పగలూ నడుస్తుంటాయి. ఒక్కసారిగా ఉత్పత్తి పెంచడానికి ఖాళీగా ఉన్న యంత్రమంటూ ఉండదు.

[తెరపై: దుకాణం, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. బాణాలు వెనక్కి వెళ్లేకొద్దీ లావెక్కుతాయి.]

అసలు నష్టం అర వెనకాల జరుగుతుంది. మన దుకాణదారు దగ్గరికే మళ్లీ వెళ్దాం. నిన్నటి అమ్మకం చూసి అతను రోజుకు 300 ప్యాకెట్లకు ఆర్డర్ పెడతాడు. డిస్ట్రిబ్యూటర్‌కు అలాంటి దుకాణాలు పది ఉంటే, పదింటి ఆర్డర్లకూ తన జాగ్రత్త కోసం ఇంకొంత కలిపి పైకి పంపుతాడు. ఫ్యాక్టరీకి అంత సరుకు లేదు. "అడిగినదాంట్లో సగమే ఇస్తాం" అంటుంది. ఆ మాటతో వ్యవహారం ఇంకా చెడుతుంది. 300 కావాలంటే 600 అడగాలని దుకాణదారుకు అర్థమైపోతుంది. ఇప్పుడు కాగితం మీద గిరాకీ ఆరింతలు. ఇళ్లలో వాడకం మాత్రం అదే వంద.

తర్వాతి నెల సంగతి చూడండి. తొలిరోజు మూడేసి ప్యాకెట్లు కొన్న ఇళ్లు నెలపాటు అటువైపు రావు. ఉన్న 700 ప్యాకెట్లు మూడేసి చొప్పున దాదాపు 233 ఇళ్లకే వచ్చాయి. మామూలుగా వాళ్లు రోజుకు 23 ప్యాకెట్లు కొనేవాళ్లు. అంటే అమ్మకం వంద నుంచి 77కి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎక్కువ చేసి పెట్టిన ఆర్డర్ల సరుకు లారీల్లో దిగుతుంది.

దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. కొరడా పిడిని కొంచెం కదిలిస్తే చివర ఎంత దూరం ఊగుతుందో, కొనేవాళ్ల దగ్గరి చిన్న మార్పు ఫ్యాక్టరీ దాకా వెళ్లేసరికి అంత పెద్దదవుతుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ తన ప్యాంపర్స్ డైపర్లలోనే ఇది గమనించింది. పసిపిల్లల వాడకం నిలకడగా ఉన్నా ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి. 1997లో హావ్ లీ, మరో ఇద్దరు పరిశోధకులు దీనికి నాలుగు కారణాలు చూపించారు. కొరత రోజుల్లో కావలసినదానికంటే ఎక్కువ ఆర్డర్ పెట్టడం వాటిలో ఒకటి. కోవిడ్ తర్వాత ఇదే పెద్ద ఎత్తున కనిపించింది. 2022 జూన్‌లో అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్, పేరుకుపోయిన సరుకు వదిలించుకోవడానికి ధరలు తగ్గిస్తామనీ, కొన్ని ఆర్డర్లు రద్దు చేస్తామనీ ప్రకటించింది.

దీనికి దుకాణం చేతిలో ఉన్న మంచి మందు, మనిషికి ఇన్నేనని పరిమితి పెట్టడం. మన లెక్కలో ఒక్కొక్కరికి ఒక్క ప్యాకెటే ఇచ్చి ఉంటే తొలిరోజు 300 పోయేవి, 400 మిగిలేవి. మర్నాడు వచ్చినవాళ్లకు సగానికి పైగా నిండిన అర కనిపించేది. కాకపోతే ఆ బోర్డు మొదటి రోజే పెట్టాలి. అర ఖాళీ అయ్యాక పెడితే జనానికి భయం ఇంకా పెరుగుతుంది.

[తెరపై: పాల ట్యాంకర్. పక్కన చిన్న సీసాలు.]

రెండో రకం కొరత వేరు. సరుకు ఉంటుంది, తప్పు చోట ఉంటుంది. 2020 వసంతంలో అమెరికాలో రైతులు పాలు పారబోశారు. అదే వారాల్లో కొన్ని దుకాణాల్లో మనిషికి ఇన్ని పాలేనని బోర్డులు వెలిశాయి. బడులూ హోటళ్లూ మూతపడ్డాయి. వాటికోసం నింపే ప్యాకింగ్ లైన్ మీద ఇళ్లకు అమ్మే సీసాలు ఎక్కవు. లేబుల్ వేరు, రవాణా ఒప్పందం వేరు. ఆవు మాత్రం పూటపూటా పాలిస్తూనే ఉంటుంది. టాయిలెట్ పేపర్‌లోనూ ఈ ముడి ఉంది. ఆఫీసులకు వెళ్లే పెద్ద చుట్టలు ఇళ్లలోని స్టాండుకు పట్టవు.

మూడోది నిజమైన కొరత. 2020 మొదట్లో కార్ల కంపెనీలు అమ్మకాలు పడిపోతాయనుకుని చిప్ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. చిప్ తయారీదారులు ఆ లైన్లను లాప్‌టాప్‌లకూ ఫోన్లకూ ఇచ్చేశారు. కార్ల గిరాకీ అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. సిలికాన్ పలక నుంచి పూర్తయిన చిప్ రావడానికి మూడు నెలలకు పైగా పట్టొచ్చు, కొత్త ఫ్యాక్టరీకి ఏళ్లు పడతాయి. కొత్త కార్లు లేకపోవడంతో అమెరికాలో పాత కార్ల ధరలు 2021 జూన్ నాటికి ఏడాదిలో 45 శాతం పెరిగాయి.

[తెరపై: ప్రపంచ పటం. ఓడరేవులు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి.]

ఇళ్లవాళ్లు చేసే పనే ప్రభుత్వాలూ చేస్తాయి. 2007 చివర్లో, 2008లో బియ్యం ధర పెరుగుతుండగా ఇండియా, వియత్నాం ఎగుమతులకు అడ్డుకట్ట వేశాయి. కొనే దేశాలు ఎంత ధరకైనా సరేనని ఎగబడ్డాయి. థాయ్ బియ్యం ధర కొన్ని నెలల్లో దాదాపు మూడింతలై, టన్ను వెయ్యి డాలర్ల దాకా వెళ్లింది. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంటకు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. జపాన్ గోదాముల్లో దిగుమతి బియ్యం ఉంది. దాన్ని బయటికి వదలొచ్చన్న కబురు మేలో వెలువడగానే, ఆ బియ్యం ఓడ ఎక్కకముందే, ధర దిగడం మొదలైంది. ఇలాంటి సంక్షోభాల్లో నిల్వ ఉన్నవాళ్లు నోరు విప్పి లెక్క చెప్పడం, సరుకు పంపడమంత పని చేస్తుందని మా గట్టి నమ్మకం.

[తెరపై: మూడు ప్రశ్నలు.]

మరి ఖాళీ అర ముందు నిలబడ్డప్పుడు ఏ రకం కొరతో ఎలా పోల్చుకోవాలి? పాడవని సరుకులే మాయమై, త్వరగా చెడిపోయేవి అలాగే ఉన్నాయా? అయితే అది చాలావరకు భయంతో కొన్నదే, సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అదే సరుకు హోటళ్లకు అమ్మే పెద్ద ప్యాకింగ్‌లో దొరుకుతోందా? అయితే రెండో రకం, పెద్ద ప్యాక్ తెచ్చి నలుగురు పంచుకోవచ్చు. పంటో, రేవో, ముడిసరుకో ఆగిందా? అయితే నెలల మాట. ప్రత్యామ్నాయం వెతుక్కోవడమే మంచిది.

ఇంట్లో నిల్వకు లెక్క తేలికే. వారానికి ఎంత వాడతారో రెండు వారాలు రాసి చూడండి. మామూలుగా ఇంట్లో ఉండేదానికి పైన మరో రెండు వారాల సరుకు ఉంటే చాలు. దాన్ని ఒకేరోజు తేవద్దు. వెళ్లినప్పుడల్లా ఒక ప్యాకెట్ అదనంగా తెచ్చుకుంటే నాలుగైదు సార్లలో నిల్వ తయారవుతుంది. కొత్తది వెనక, పాతది ముందు పెట్టండి. బ్లీచ్ నెలలు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, పేర్చిపెట్టుకుని లాభం లేదు. పెట్రోల్ ఇంట్లో దాచడం ప్రమాదం. రోజూ వేసుకునే మందులు మాత్రం ఆఖరి మాత్ర దాకా ఆగకుండా, వారం పది రోజులవి మిగిలి ఉండగానే తెచ్చుకోండి.

[తెరపై: రెండు ప్యాకెట్లు. పైకి ఒకేలా ఉంటాయి, నికర బరువులు వేరు.]

ధర విషయంలో ఒక్కటి గమనించండి. ముడిసరుకు ఖర్చు పెరిగినప్పుడు కంపెనీలు చాలాసార్లు ధర ముట్టుకోవు, బరువు తగ్గిస్తాయి. 500 గ్రాముల ప్యాకెట్ అదే ధరకు 450 గ్రాములైతే, ధర 11 శాతం పెరిగినట్టు. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి పెద్ద దుకాణాలు ఇలా తగ్గిన సరుకు దగ్గర రెండు నెలలపాటు నోటీసు పెట్టాలి. ఆ నియమం లేని చోట ఆ పని మీరే చేసుకోవాలి. ధరను నికర బరువుతో భాగించి వందతో గుణిస్తే వంద గ్రాములకు ఎంతో తేలుతుంది. ఎప్పుడూ కొనే పది సరుకుల నికర బరువు ఈరోజే ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ప్యాకెట్ మారాక పాత బరువు ఎంతో చూసుకోవడానికి అరలో పాత ప్యాకెట్ ఉండదు.