వరహా మీద వరాహం ఎక్కడ?

నమస్కారమండీ. ముందు ఇది చూడండి, కెమెరాకి బాగా దగ్గరగా పెడుతున్నాను. చొక్కా గుండీ అంతే ఉంది కదా. కాటాలో వేస్తే 3.4 గ్రాములు. శ్రీకృష్ణదేవరాయల బంగారు వరహా ఇది. నాణేలు పోగుచేసే ఒక పెద్దాయన నన్ను నమ్మి, ఈ పూటకి నా చేతికిచ్చారు. అందుకే అంచులు పట్టుకుని చూపిస్తున్నాను, బొమ్మ మీద వేలు పెట్టడం లేదు.

ఇటువైపు కూర్చున్నది బాలకృష్ణుడు. ఒక మోకాలు పైకి లేపాడు, చేతిలో వెన్నముద్ద. అటూ ఇటూ శంఖం, చక్రం. కొంచెం వాల్చి లైటు పక్కనుంచి పడేలా చూపిస్తాను... ఆ, ఇప్పుడు చూడండి, బుజ్జి బొజ్జ కూడా తెలుస్తోంది. గోరంత జాగాలో ఇంత పని! నాకైతే చూపు తిప్పుకోబుద్ధి కావడం లేదు. వెనక్కి తిప్పితే నాగరి లిపిలో మూడు వరుసలు: శ్రీ ప్రతాప కృష్ణరాయ. కింది వరుసలో అక్షరాలు సగం అంచు దాటిపోయాయి. అచ్చు పెద్దది, బంగారం బిళ్ల చిన్నది, అంతే.

సరే, అసలు సంగతికి వద్దాం. దీని పేరు వరహా. వరాహం అంటే అడవిపంది, విష్ణుమూర్తి మూడో అవతారం. మరి దీని మీద వరాహం ఏది? ముందూ లేదు, వెనకా లేదు. విజయనగర బంగారు నాణేలు వరసగా చూసుకుంటూ పోతే హనుమంతుడు, ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, అచ్యుతరాయల దగ్గరికొచ్చేసరికి రెండు తలల పక్షి గండభేరుండం. ఏ బొమ్మ ఉన్నా పిలిచే పేరు మాత్రం వరహాయే.

దీనికి జవాబు కావాలంటే ఇంకో అయిదు వందల ఏళ్లు వెనక్కి, మన వేంగికి వెళ్లాలి. చాళుక్యుల లాంఛనం, అంటే రాజచిహ్నం, వరాహం. బాదామి వాళ్లదీ అదే, వేంగి వాళ్లదీ అదే. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణెం ఫోటో ఎప్పుడైనా చూస్తే గమనించండి. అప్పడంలా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. నడుమ వరాహం, చుట్టూ అంచు వెంబడి ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టిన గుర్తులు. ఆ నాణేలు సముద్రం దాటి బర్మాలో అరకాన్ తీరంలోని చెదూబా దీవిలో కూడా దొరికాయి. శాసనాల్లో గద్యాణం అనీ, మాడ అనీ రాసుకున్నా, జనం నోట్లో బొమ్మ పేరే నాణేనికి పేరైపోయింది. రాజ్యాలు మారాయి, బొమ్మలు మారాయి, పిలుపు మాత్రం పోలేదు.

విజయనగర రాజముద్రలో కూడా వరాహం ఉంది కాబట్టి పేరు అక్కణ్నుంచే వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. నాకు చాళుక్యుల మాటే గట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే నాణెం మీదే ఆ బొమ్మ ఉన్నది వాళ్ల కాలంలో.

1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి నాణేల లెక్క రాసిపెట్టాడు. వరహాలో సగం ప్రతాప అనే నాణెం, అందులో పదో వంతు పణం. గోలకొండ ఏలుబడిలోనూ మనవాళ్ల లెక్క వరహాల్లోనే నడిచింది. రామదాసు కథలో ఆరు లక్షల వరహాలని చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాం కదా. ఉత్తరాంధ్రలో వరహాలు, వరహాలమ్మ అని పేర్లు పెట్టుకుంటారు చూడండి, అది మాత్రం డబ్బు కాదు, సింహాచలం అప్పన్న. అయినా రెండింటికీ మూలం ఆ వరాహమే.

ఇదే నాణేన్ని కన్నడంలో హొన్ను అన్నారు, అంటే బంగారం. పారశీకంలో రాసేవాళ్లు దాన్నే హూన్ చేశారు. యూరప్ వాళ్లు పగోడా అన్నారు. ఈ మాట ‘భగవతి’ నుంచి వచ్చిందని కొందరు, పారశీకంలో విగ్రహాలుండే ఇంటిని చెప్పే ‘బుత్‌కదా’ నుంచని కొందరు. నేను భగవతి వైపే మొగ్గుతాను. వాళ్లకి నాణెం మీద కనబడింది దేవుడి బొమ్మ, గుడి కాదు.

గుడి తర్వాతెప్పుడో వచ్చింది. ఇదిగో, ఇది కూడా ఆ పెద్దాయనదే, వెండిది. 1808 ప్రాంతంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు కొట్టించిన పావు పగోడా. గోపురం, చుట్టూ నక్షత్రాలు. అప్పట్లో ఒక పగోడా అంటే మూడున్నర రూపాయలు. 1818లో రూపాయిని ఖాయం చేశాక పగోడాల కాలం అయిపోయింది. గోపురం వైపు అంచున ఇంగ్లీషులో పగోడా అని, పారశీకంలో హూన్ అని ఉంది. ఇప్పుడు నెమ్మదిగా తిప్పుతున్నాను. తామరపువ్వు లోంచి లేస్తున్న విష్ణుమూర్తి, చుట్టూ చుక్కలు, ఒక పక్క తమిళం. ఈ పక్కన చదవండి, మన అక్షరాలే... వరహా.