మట్టి తీసే ముందు గాలి చూడండి

అందరికీ నమస్తే. ఖాజాగూడ గుట్టల్లో క్లైంబింగ్ చేసేవాళ్ళు చాలామందే కనపడుతున్నారు, మీరంతా అడిగేది ఒకటే, ఇక్కడ తవ్వితే కొత్త గుహ దొరుకుతుందా అని. దొరకదండీ. హైదరాబాద్‌ది గ్రానైట్, బండల మధ్య సందులు గుహల్లా కనిపిస్తాయి గానీ గ్రానైట్ నీళ్ళకి కరిగే రాయి కాదు. పెద్ద గుహ కావాలంటే సున్నపురాయి ఉండాలి. మన ఇళ్ళల్లో పరిచిన తాండూరు బండ అదే, నిమ్మరసం ఒలికి కాసేపు తుడవకపోతే నున్నదనం పోయి తెల్లమచ్చ పడుతుంది చూడండి, యాసిడ్ రాయిని తినేస్తుందన్నమాట. వాననీరు గాలిలోంచి మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త యాసిడ్ అయ్యి పగుళ్ళలోకి దిగి లక్షల ఏళ్ళు ఇదే పని చేస్తుంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహ అలా తయారైందే, పైన చూస్తే చదును నేల మీద బావుల్లాంటి గుంతలు తప్ప ఏం కనపడదు.

ఇలాంటి గుంతలు చాలావరకు పూడిపోయి ఉంటాయి. ఏది తవ్వాలి? నా లెక్కలో గాలి వచ్చేదే తవ్వాలి. రాళ్ళ సందు దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకోండి, పొగ లోపలికి లాక్కుపోతోందా బయటికి తోస్తోందా చూడండి, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి, ఎండాకాలం ఒకసారి చలికాలం ఒకసారి. ఎండాకాలంలో లోపలి చల్లగాలి బరువుగా ఉండి కింది నోట్లోంచి బయటికొస్తుంది, చలికాలంలో వెచ్చటి గాలి పై నోట్లోంచి వెళ్తుంది. బయట వాతావరణ పీడనం మారినా గాలి కదులుతుంది, లోపల ఖాళీ ఎంత పెద్దదైతే అంత జోరుగా.

అమెరికాలో న్యూమెక్సికోలో లెచుగియా అని ఒక గొయ్యి, ఏముంది చిన్నదేగా అని అందరూ వదిలేసిందే, కానీ అడుగున రాళ్ళ కిందనుంచి గాలి హోరు వినపడేది. కొలరాడో నుంచి వచ్చిన ఔత్సాహికులు, జీతానికి చేసేవాళ్ళు కాదు, అక్కడి నేషనల్ పార్క్ వాళ్ళ పర్మిషన్ తీసుకుని ఆ రాళ్ళు తీస్తూ పోయారు, 1986 మేలో దారి తెరుచుకుంది. ఇప్పటికి అందులో 240 కిలోమీటర్లకి పైగా కొలిచారు! నాకైతే ఇది ఎన్నిసార్లు చెప్పినా ఒళ్ళు పులకరిస్తుంది.

తవ్వడం అంటే ఎక్కువ భాగం తట్టలు లాగడమే. ముందు ఒకరు బోర్లా పడుకుని చిన్న పారతో గీకుతుంటే వెనక మిగతావాళ్ళు తాడు కట్టిన బకెట్ చేతులు మార్చుకుంటూ బయటికి చేరుస్తారు, పక్క గోడ కదిలేలా ఉంటే చెక్కలు కొట్టి ఆపాకే ముందుకి. మన ఊళ్ళల్లో పాత బావి దిగే ముందు లాంతరు దించి చూసేవాళ్ళు, గుహలో అదొక్కటే నమ్ముకోవద్దు, దీపం ఆరకముందే మనిషిని పడగొట్టేంత కార్బన్ డయాక్సైడ్ ఉండొచ్చు, గ్యాస్ మీటర్ లేకుండా ఎవరూ దిగొద్దు, దయచేసి.

ఇక అసలు విషయం. మన కర్నూలు వైపు గుహల్లో మట్టి చెత్త కాదు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆదిమానవుల రాతి పనిముట్టు గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ, 1880ల్లో బేతంచెర్ల దగ్గర బిలసర్గం గుహల్లో తవ్వితే బోలెడన్ని జంతువుల ఎముకలు బయటపడ్డాయి, ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేని ఖడ్గమృగం ఎముకలు కూడా. 1886లో లిడెక్కర్ అనే శిలాజాల శాస్త్రవేత్త ఆ ఖడ్గమృగానికి శాస్త్రీయనామంలో కర్నూలు పేరే పెట్టాడు. అదే మట్టిని మనలాంటివాళ్ళం హుషారుగా ఒక్క వీకెండ్‌లో ఎత్తి బయట పోసేశామనుకోండి, ఏ ఎముక ఏ పొరలోదో ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే పొలం యజమానిని అడగాలి, పురావస్తు శాఖ పర్మిషన్ రాతలో తీసుకోవాలి, ఎముకో కుండపెంకో కనపడితే చెయ్యి పెట్టకుండా ఫొటో తీసి పని ఆపేయాలి. ఈ మాటకి ఒప్పుకునేవాళ్ళే మా టీమ్‌లోకి రండి.

వచ్చే ట్రిప్ గాలి చూడ్డానికి మాత్రమే, తవ్వేదేం లేదు. రావాలనుకునేవాళ్ళు బయట టేబుల్ దగ్గర పేరు రాసి వెళ్ళండి, హెల్మెట్, రెండు టార్చిలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.