ముందే సెల్ఫ్ కొట్టొద్దు: ఏళ్లుగా ఆగిన మెర్సిడెస్ 280ఈ

హోస్ట్: నమస్తే. ఇయ్యాల మనతోని ఉన్న అన్న మలక్‌పేటల పాత ఇంజెక్షన్ బండ్లు చేస్తడు. గల్ఫ్ నుంచి వచ్చిన ఒక మెర్సిడెస్ 280ఈ (కంపెనీ లెక్కల డబ్ల్యూ123 అనే మోడల్) ఏళ్ల తరబడి రేకుల షెడ్డుల ఉండిపోయింది. మొన్ననే స్టార్ట్ అయింది. అన్నా, బండి మీ దగ్గరికి రాంగనే మొదలు ఏం చేసిన్రు?

అన్న: బ్యాటరీయే పెట్టనియ్యలే తమ్మీ. ఓనర్ కొత్త బ్యాటరీ తెచ్చి, "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం భాయ్" అన్నడు. వద్దన్న. ట్యాంకు మూత తీస్తే పెట్రోల్ వాసన లేదు, వార్నిష్ వాసన వచ్చింది. పెట్రోల్ల తేలికది అంతా ఎగిరిపోయి జిగురు మిగులుతది. పంపు దాన్ని లాగిందా, ఇక ఆ జిగురంతా పోయి ముందున్న ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ల, అంటే సిలిండర్లకు పెట్రోల్ పంచే భాగంల కూసుంటది.

హోస్ట్: కార్బురేటర్ బండికి ఇంత భయం ఉండదు కదా?

అన్న: కార్బురేటర్‌ను విప్పి, కడిగి, జెట్లు ఊది పెడితే సగం పని అయినట్టే. ఇది బాష్ వాళ్ల కే-జెట్రానిక్, 1970లల్ల వచ్చిన సిస్టమ్. పెట్రోల్ ఎంత పోవాలెనో లెక్కగట్టే కంప్యూటర్ లేదు దీంట్ల. ఇంజిన్ గాలి పీలుస్తుంటే ఒక గుండ్రటి ప్లేటు కదులుతది. ఆ ప్లేటు డిస్ట్రిబ్యూటర్ లోపల ఒక ప్లంజర్‌ను, అంటే సన్నటి కడ్డీని లేపుతది. ప్లంజర్ ఎంత లేస్తే, సన్నటి గాట్లల్ల నుంచి అంత పెట్రోల్, దాన్ని ఇంజిన్లకు చిమ్మే ఆరు ఇంజెక్టర్లకు పోతది. ఇంజిన్ తిరిగినంతసేపూ ఇంజెక్టర్లు ఆగకుండ కొడుతనే ఉంటయి. ఆ గాట్లు వెంట్రుకంత సన్నగుంటయి. జర జిగురు పట్టినా ఒక సిలిండర్ ఉపాసమే.

హోస్ట్: అంటే మీరు వెనక నుంచి ముందుకు వచ్చిన్రు.

అన్న: అంతే. ట్యాంకు ఖాళీ చేసి, దింపి కడిగినం. అడుగున జాలీ ఉంటది, మొత్తం మూసుకుపోయింది. కింద నీళ్లు కూడా ఉన్నయి. ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ ఉంటది, అది గాలిల తేమను పీలుస్తది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు దిగుతయి. ట్యాంకు లోపల తుప్పు గక్కడ మొదలైతది. తర్వాత వెనక చక్రం దగ్గర కారు కింద ఉండే పంపు, ఫిల్టరు. ఫిల్టరు కొత్తది వేసినం. రబ్బరు పైపులైతే ఒక్కటి కూడా ఉంచలే. రాణిగంజ్‌ల పైపులకు కొదవ లేదు, కానీ మామూలు పెట్రోల్ పైపు పనికిరాదు. గీడ లైన్ల 5 బార్ ప్రెషర్ ఉంటది. ఇంజెక్షన్ కోసం చేసిన పైపు, అదీ ఇథనాల్‌కు తట్టుకునేది అడిగి తీసుకోవాలె. వేడి ఇంజిన్ మీద పైపు పగిలితే బండి తగలబడుతది, దీంట్ల ఖర్చు చూసుకునేది లేదు.

హోస్ట్: ఇంజిన్ సంగతి?

అన్న: ప్లగ్గులు తీసి సిలిండర్లల్ల కొద్దిగ ఆయిల్ పోసి, ఒక రాత్రి వదిలినం. తెల్లారి క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పినం. మెత్తగ తిరిగింది. ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేకుండనే సెల్ఫ్‌తోని తిప్పి ఆయిల్ ప్రెషర్ చూసుకున్నం. గది సుకూన్‌గ అయింది.

హోస్ట్: మరి డిస్ట్రిబ్యూటర్?

అన్న: అసలు పని గక్కడనే. ప్లేటును చేత్తో కదిలిస్తే ఒకే తీరు బరువుండాలె, వదలంగనే వాపస్ రావాలె. మాది రాలే. ప్లంజర్ పట్టేసింది. డిస్ట్రిబ్యూటర్ విప్పి క్లీనర్ల నానబెట్టినం. ఇనుప వస్తువేదీ తాకొద్దు, కింద పడొద్దు. ప్లంజర్ మీద ఒక్క గీత పడ్డా పారేసుడే. రెండో రోజుకు మెల్లగ కదిలింది.

తర్వాత ఇంజెక్టర్లు ఆరూ పీకి, ఆరు గాజు సీసాలల్ల ఒక్కొక్కటి పెట్టినం. రిలే దగ్గర వైరు కలిపితే ఇంజిన్ తిరగకపోయినా పంపు నడుస్తది. ప్లేటును కొద్దిగ కదిలిస్తే ఆరూ కొట్టాలె. నాలుగు మంచిగ ఆవిరి లెక్క కొట్టినయి, సన్నగ సప్పుడు చేస్తూ. ఒకటి సన్నటి ధార పోసింది. ఒకటి ప్లేటు వదిలినా బొట్లు బొట్లు కారింది. ఆ రెండూ మార్చినం. ఈ పరీక్ష చేసేటప్పుడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంల ఉండాలె. షెడ్డుల బీడీ, ఫోన్ ఛార్జర్, స్పార్క్ వచ్చేది ఏదీ ఉండొద్దు.

హోస్ట్: చాలామంది మెకానిక్‌లు "ఇంజెక్షన్ పీకి కార్బురేటర్ పెట్టుకోండి" అంటరు.

అన్న: ఆ మాటకు నాకు ఒళ్లు మండుతది. తప్పు సిస్టమ్‌ది కాదు. ప్రెషర్ గేజ్ పెట్టకుండ మనమే భాగాలు మార్చుకుంట పోతం. సిస్టమ్ ప్రెషర్ 5 బార్ దగ్గర ఉందా, ఇంజిన్ వేడెక్కితే కంట్రోల్ ప్రెషర్, అంటే ప్లంజర్‌ను పైనుంచి కిందికి నొక్కే ప్రెషర్, 3.5 బార్ దగ్గరికి వస్తుందా, ఈ రెండు అంకెలు చూస్తే సగం జవాబు దొరుకుతది. కంట్రోల్ ప్రెషర్ తగ్గితే మిక్చర్ రిచ్ అయితది, అంటే పెట్రోల్ ఎక్కువైతది; పెరిగితే లీన్, అంటే పెట్రోల్ తక్కువైతది. ఆ ప్రెషర్‌ను చూసుకునుడే వార్మప్ రెగ్యులేటర్ పని. గాలి లీకు కూడా చూడాలె. ప్లేటు దాటినంక చీలిన పైపు నుంచి పోయే గాలిని ప్లేటు లెక్క పెట్టదు కదా. ఇవన్నీ అయినంకనే 3 ఎంఎం అలెన్ కీ తీసుకొని మిక్చర్ స్క్రూ ముట్టుకోవాలె. అదీ కొద్దికొద్దిగ.

హోస్ట్: స్టార్ట్ అయినంక రోడ్డు మీదికి?

అన్న: బ్రేకులు చెయ్యనిది గేటు దాటొద్దు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తది, క్యాలిపర్లు పట్టేస్తయి, గొట్టాలు లోపల మూసుకుపోతయి. టైర్లు ఎంత నిండుగ కనిపించినా వయసు చూసి మార్చాలె. ఇక కాగితాలు: ఆర్సీ 15 ఏండ్లకు అయిపోతది, తర్వాత ఐదేండ్లకోసారి రెన్యూవల్. వింటేజ్ నంబరు దొరుకుతదేమో అని చాలామంది అడుగుతరు. 2021 రూల్ ప్రకారం 50 ఏండ్లు దాటిన బండికే అది. డబ్ల్యూ123 మార్కెట్లకు వచ్చిందే 1976ల, అందుకే మొదటి రిజిస్ట్రేషన్ తారీఖు చూసుకోవాలె.

హోస్ట్: ఇంకేమన్న పని మిగిలిందా?

అన్న: ఒకటుంది. పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటది. ఎండల ఒక రౌండ్ కొట్టి ఆపి, 20 నిమిషాలకు మళ్లీ కొడితే చాలాసేపు తిప్పాలె. ఇంజిన్ ఆపినంక లైన్ల కొంత ప్రెషర్ నిలబడాలె. లేకుంటే వేడికి పెట్రోల్ ఆవిరై పోతది. గేజ్ పెట్టి చూస్తే సూది జారిపోతుంది. పెట్రోల్ వెనక్కి పోకుండ ఆపే పంపు చెక్ వాల్వ్ కొత్తదే వేసినం కాబట్టి నా అనుమానం ఎక్యుమ్యులేటర్ మీద, అంటే ఇంజిన్ ఆపినంక ప్రెషర్‌ను పట్టి ఉంచే డబ్బా మీద. పార్ట్ ఆర్డర్ పెట్టినం. అది వచ్చి, నడిఎండల హాట్ స్టార్ట్ సరిగ్గ అయితేనే ఓనర్‌కు తాళాలు ఇస్త.