బొక్కలు విరిగితే అన్నీ ఫ్లోరైడే కాదు: ఏ జన్యువు, ఏ మార్పు అన్నది తేలాలి

అందరికీ నమస్తే. ఈ రోజు పిల్లల ఎముకల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ మన నల్గొండ, పాలమూరు వైపు పిల్లల గురించి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎవరిని అడిగినా ఒకే మాట వినిపిస్తుంది. పిల్లాడి కాళ్లు వంకరపోతే ఫ్లోరైడ్. పళ్లు రంగు మారితే ఫ్లోరైడ్. బొక్క విరిగినా ఫ్లోరైడే. వాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు. ఆ నీళ్లు తాగి ఎందరో నడుములు వంగిపోయి బతికారు. ఫ్లోరోసిస్ ఉన్న చోట మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. కానీ ఆ ఒక్క మాట చాటున వేరే జబ్బున్న పిల్లలు కొందరు మరుగున పడిపోతున్నారు. నా బాధంతా వాళ్ల గురించే.

ఆ జబ్బు పేరు ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా. జన్యువులో మార్పు వల్ల పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు ఇది. డాక్టర్లు పొట్టిగా ఓఐ అంటారు. దాదాపు 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. తీవ్రంగా ఉన్న బిడ్డకు స్నానం పోస్తుంటేనే తొడ ఎముక విరగొచ్చు. అప్పుడు ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. "బిడ్డను సరిగ్గా ఎత్తుకోవడం కూడా రాదా?" అని తల్లినే అంటారు. ఆ తల్లి చేసిన తప్పు ఏమీ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లు కూడా వినాలని కోరుతున్నా.

రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అయితే అదే బోరు నీళ్లు తాగిన పక్కింటి పిల్లల పళ్లమీదా గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఓఐ అలా ఊరంతా రాదు. చాలామందిలో కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపిస్తుంది. కొందరి పళ్లు బూడిద రంగులోనో తేనె రంగులోనో, వెలుతురు పారేట్టు ఉంటాయి. పెద్దయ్యాక వినికిడి తగ్గొచ్చు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎక్స్-రేలో ఎముక మామూలుకన్నా చిక్కగా, తెల్లగా పడటం ఎక్కువ. ఓఐలో పలుచగా పడుతుంది. వీటిని చూసి మీరే తేల్చుకోకండి. కానీ ఇవి కనిపిస్తే డాక్టర్‌ను అడగడానికి వెనకాడొద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఒకే జబ్బు కదా, మరి ఒక బిడ్డ బడికి నడిచి వెళ్తుంటే ఇంకో బిడ్డ మంచం మీద నుంచి లేవలేకపోవడం ఎందుకు?

ఎముకకు పట్టునిచ్చేది కొలాజెన్ అనే ప్రోటీన్. మూడు పురులు పేనిన తాడులా ఉంటుంది. అందులో రెండు పురులు కోల్1ఏ1 అనే జన్యువు నుంచి, ఒకటి కోల్1ఏ2 నుంచి వస్తాయి. ఒక్కో పురిలో అమైనో ఆమ్లాలు అనే చిన్న ముక్కలు వెయ్యికి పైగా ఉంటాయి. వాటిలో ప్రతి మూడోది గ్లైసినే. పేనిక మధ్యలో చోటు చాలా తక్కువ. అన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ తప్ప మరొకటి అక్కడ పట్టదు.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కోల్1ఏ1 ప్రతుల్లో ఒకటి పూర్తిగా పనిచేయడం మానేసిందనుకోండి. కొలాజెన్ సగమే తయారవుతుంది, కానీ తయారైనదంతా మంచిదే. ఆ బిడ్డకు సాధారణంగా తేలికపాటి ఓఐ వస్తుంది. ఎత్తు ఇంచుమించు మామూలుగానే పెరుగుతుంది. ఎముకలు అప్పుడప్పుడు విరుగుతాయి.

అదే ప్రతి ఆగిపోకుండా, ఒక్క గ్లైసిన్ స్థానంలో ఇంకో పెద్ద ఆమ్లం పెట్టే చిన్న అక్షర దోషంతో పనిచేస్తూనే ఉందనుకోండి. చెడ్డ పురి కూడా తాడులో కలిసిపోతుంది. ఒక్కో తాడుకు కోల్1ఏ1 పురులు రెండు కావాలి కాబట్టి రెండూ మంచివే పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే నాలుగు తాళ్లలో మూడు చెడిపోతాయి. అక్షరం ఒక్కటే మారింది, దెబ్బ మాత్రం చాలా పెద్దది. ఎముకలు వంకరపోయే తీవ్రమైన రకాలు, పుట్టగానే ప్రాణం తీసే రకం ఎక్కువగా ఇలాంటి మార్పుల వల్లే వస్తాయి. అదే దోషం కోల్1ఏ2లో వస్తే, తాడుకు ఆ పురి ఒక్కటే కాబట్టి సగం తాళ్లు బాగుంటాయి.

మార్పు ఎంత పెద్దది అన్నదానికన్నా, దాని వల్ల తయారయ్యే ప్రోటీన్ ఏం చేస్తుంది అన్నదే ముఖ్యం. కండరాలు క్షీణించే డుషెన్, బెకర్ జబ్బులు కూడా ఇదే చెబుతాయి. రెండూ డిస్ట్రోఫిన్ అనే ఒకే జన్యువులో వచ్చేవే. జన్యువు చదివేది మూడేసి అక్షరాల చొప్పున. చిన్న ముక్క పోయినా ఆ వరస తప్పితే తీవ్రమైన డుషెన్ వస్తుంది, పిల్లాడు పన్నెండేళ్లకల్లా వీల్‌చైర్‌కు చేరొచ్చు. పెద్ద ముక్క పోయినా వరస తప్పకపోతే ప్రోటీన్ పొట్టిగానైనా తయారవుతుంది. 1990లో నేచర్ పత్రికలో ఒక కుటుంబం గురించి వచ్చింది. ప్రోటీన్‌కు సంబంధించిన భాగంలో 46 శాతం పోయినా ఆ ఇంట్లో ఒకాయన 61 ఏళ్ల వయసులో నడుస్తున్నాడు.

అలాగని రిపోర్టు చూసి బిడ్డ జీవితం మొత్తం చెప్పేయలేం. ఒకే ఇంట్లో, ఒకే మార్పుతో అన్నకు ఎన్నోసార్లు విరిగి చెల్లికి ఒకట్రెండుసార్లే విరగొచ్చు. మిగతా జన్యువుల ప్రభావం కూడా ఉంటుంది. "మీ బిడ్డ ఇక ఇంతే" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎముకలకు బలమిచ్చే పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ లాంటి మందులు సెలైన్‌లో ఎక్కిస్తారు. వంకరపోయిన ఎముకలో కడ్డీ వేసే ఆపరేషన్ ఉంది. ఫిజియోథెరపీ ఉంది. ఇవి ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఫ్లోరైడే అనుకుని నీళ్లు మార్చి ఊరుకుంటే ఆ ఏళ్లు పోతాయి.

ఇక మేనరికం సంగతి. ఇలాంటి బిడ్డ పుడితే "మేనరికం చేసుకున్నారు కదా" అనేస్తారు. ఓఐలో ఎక్కువ రకాలకు ఒక్క ప్రతి చెడితే చాలు. చాలాసార్లు అది బిడ్డలోనే కొత్తగా వచ్చిన మార్పు, దానికీ మేనరికానికీ సంబంధం లేదు. మళ్లీ కాన్పులో వచ్చే అవకాశం చిన్నదే, కానీ సున్నా కాదు. తల్లికో తండ్రికో జబ్బు ఉంటే సగానికి సగం. క్రిటాప్, ఎఫ్‌కేబీపీ10 లాంటి జన్యువుల వల్ల వచ్చే రకాలకు మాత్రం రెండు ప్రతులూ చెడాలి. మేనమామ, మేనకోడలు సుమారు నాలుగో వంతు జన్యువులు పంచుకుంటారు, మేనబావ, మరదలు ఎనిమిదో వంతు. ఈ రకాలు అలాంటి ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. జబ్బు పేరు ఒకటే అయినా, జన్యువు పేరు తెలియకుండా ఇందులో మీ ఇంటికి ఏది వర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కడికి వెళ్లాలి? 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో మనకు దగ్గరిది హైదరాబాద్‌లోనే ఉంది. ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి కలిసి నడుపుతున్నాయి. రిపోర్టులో మూడు సంగతులు అడగండి: ఏ జన్యువు, ఏ మార్పు, ఎవరి నుంచి వచ్చింది. కొన్నిసార్లు "అర్థం తేలని మార్పు" అని రాస్తారు. అది తేలాలంటే తల్లిదండ్రులిద్దరి రక్తం కూడా కావాలి. పాలమూరులో చాలా ఇళ్లలో తండ్రి ముంబైకో పుణేకో పనికి పోయి ఉంటాడు. ఆయన దసరాకో పీర్ల పండగకో వచ్చినప్పుడే శాంపిల్ ఇచ్చేయండి. మళ్లీ గర్భం వచ్చేదాకా ఆగొద్దు. కడుపులో బిడ్డకు 11వ వారం తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయొచ్చు, కానీ ఏ మార్పు కోసం వెతకాలో ముందే చేతిలో ఉండాలి. జన్యు రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది.